గట్టు అవతలి బత్తాయి చెట్లు

మా గుర్వమ్మ వదినెకు ఆమె యారాలు గోపమ్మంటె పడదు. పడదంటె ఉత్తగ పడకపోవుడు కాదు. గోపమ్మ అంగడిల కొత్త కుండ కొన్కొస్తె గుర్వమ్మకు ఆ పూట బువ్వ సయించదు. గోపమ్మ బర్రె ఆడదూడను ఈనితె, మొగదూడను ఈనిన తన బర్రెను పట్టుకొని పొద్దుమూకేదాక తిడతది. గోపమ్మ తలకు పోసుకొని వాకిట్ల ఎంటికెలు ఆరబెట్టుకుంటె, ఆ ఎంటికెలు ఎన్నడు ఊడుతయో అని నాతోని అంటది. వాళ్ల ఇంటి పక్క ఇల్లు నాది, వాళ్ల బాయి పక్క చెలక నాది. ఆమె కడుపుమంటంత తెచ్చి నా చెవులల్లనే పోసేది. గట్ల కండ్లల్ల నిప్పులు పోసుకుంటె నీ కండ్లే పోతయి వదినె అని నేను మొకం మీదనే అంటుంటి. వింటదా? నీకేం తెల్వదు జానమ్మా, నువ్వు ఊకో అనేది.

గుర్వమ్మ మొగడు బీరప్ప, గోపమ్మ మొగడు సైదులు, ఒక్క తల్లి పిల్లలు. రామన్నపేట అంగడికి పొద్దుగాల నడిసిపోతె పగటి బువ్వ యాల్లకు మర్లి రావొచ్చు, గంత దూరంల మా ఊరు. జీవాలు కాసుకుంట, ఇంత చెలక దున్నుకుంట బతికేటోళ్లు. బీరప్ప నోట్లె నాలుక లేని మనిషి. గొంగడి భుజాన ఏసుకొని మంద ఎనక పోతె మాపటికి వచ్చుడు, పెట్టింది తినుడు, పండుడు. సైదులు గట్ల కాదు. అంగిగుండీలు పెట్టుకొని రామన్నపేటల చాయ హోటల్ కాడ కూసుంటె లోకంల ముచ్చట్లన్ని ఆయనవే.

ఊరికెనే కుళ్లు పుడతదా ఎవలికైనా? దానికొక మొదలున్నది. మిరుగం రాంగనే తొలి వానకు బాయికాడి చెలకల తొలి సాలు దున్నుతరు. ఆ సాల్ల గింజ ఇడిసేది ఇంటి ఆడిది. ఒడిల జొన్నలు కట్టుకొని, నాగలి ఎనక నడుసుకుంట ఇడుస్తది. ఆ ఏడు పంట మంచిగొస్తె ఆమెది చల్లటి చెయ్యంటరు, ఊరంత ఆమెను పిలిసి పాదుల్ల గింజలు పెట్టిచ్చుకుంటరు. గుర్వమ్మ కాపురానికొచ్చిన సంది ఆ ఒడి ఆమెదే. అత్త మైసమ్మ తన చేతులతోని ముడేసి కట్టేది. ఒక ఏడు వాన మొకం చూపియ్యలే, జొన్న మోకాలెత్తు లేసి మాడిపోయింది. మరుసటేడు సైదులు పెండ్లి అయ్యి గోపమ్మ వచ్చింది. మిరుగం నాడు మైసమ్మ జొన్నలు తెచ్చి కొత్త కోడలి ఒడిల పోసింది. గుర్వమ్మ అప్పటికే కొంగు చాపుకొని నిలబడి ఉన్నది. ఆ ఏడు చెరువు అలుగు పారింది.

వాన పడకపోతె గుర్వమ్మ చెయ్యేం జేస్తది? వాన పడితె గోపమ్మ చెయ్యేం జేసింది? ఈ మాట నేను మైసమ్మనే అడిగిన. ముసల్ది చెవులు వినరానట్టు ఆకు వక్క దంచుకుంట కూసున్నది. గుర్వమ్మ మాత్రం ఆ పొద్దు సంది గోపమ్మ ఇంట్ల ఏది చూసినా అది తన ఒడిలకెళ్లి గుంజుకున్నదే అనుకునేది.

యాబై ఎనిమిదిల అన్నదమ్ములు ఏరువడ్డరు. చెలక రెండు చెక్కలైంది, నడిమిట్ల గట్టు పడ్డది. బాయి మాత్రం పొత్తుల ఉంచుకున్నరు, మోట వంతుల మీద. తొలి గింజ గూడ ఏరు కాలే. నేను బతికినన్ని నాళ్లు ఒక్క చెయ్యే ఇడువాలె అన్నది మైసమ్మ. ఆ చెయ్యి గోపమ్మదే.

అప్పుడప్పుడే నల్లగొండ దిక్కు బత్తాయి తోటలు పెడుతున్నరు. సైదులు ఎక్కడ చూసొచ్చిండో, మనం గూడ నాలుగు చెట్లు పెడుదామని పెండ్లాం చెవుల ఊదిండు. నల్లగొండ నుంచి లతీఫ్ సాబు అని ఒకాయన ఎడ్లబండిల గడ్డి పరిచి, మట్టిగడ్డతోని అంటుమొక్కలు ఏసుకొని ఊర్లపొంటి అమ్ముకుంట వస్తుండె. వానకాలంల మా ఊర్లకు వచ్చిండు. గోపమ్మ బండి కాడ నిలబడ్డదని తెల్వంగనే గుర్వమ్మ పొయ్యి మీద గట్కను ఇడిసిపెట్టి ఉరికింది. గట్క అడుగంటి వాసన మా ఇంటిదాక వచ్చింది. నేను పోయి దించిన. అది దించి బండి కాడికి పోయేసరికి బేరం అయిపోయింది. ఒక గొర్రెపొట్టేలు ఇచ్చి ఎనిమిది మొక్కలు పట్టుకున్నది గోపమ్మ. గుర్వమ్మ గూడ ఒక పొట్టేలు తోలుకొచ్చి ఎనిమిది కావాలన్నది. బీరప్పను అడిగిందా అంటె అడగలే. ఆయన పొట్టేలు పోయింది, ఆయనకు మాపటికి తెలిసింది.

బండికి ఆ పక్క లతీఫ్ సాబు గోపమ్మకు మొక్క ఎట్ల పెట్టాలె, ఎట్ల సాకాలె చెప్తున్నడు. ఈ పక్క గుర్వమ్మ మొక్కలన్ని తన జానతోని కొలుసుకుంట, బండిల అందరికంటె పొడుగున్నయి ఏరుతాంది. గోపమ్మ తీసి పక్కకు పెట్టుకున్న వాటిల గూడ ఒకటి పొడుగు కనబడితె దాన్ని తీసుకొని, పొట్టిది అక్కడ పెట్టింది. నాకు కనబడింది, నవ్వొచ్చింది. సాబు చెప్పిన ముచ్చట మాత్రం గుర్వమ్మ చెవుల పడలే. అదేందంటె, అంటుమొక్క మొదలు వేరే చెట్టుదట, ముండ్ల జంబేరి నిమ్మది. దాని మీద బత్తాయి మొగ్గ కడతరట. అంటు కట్టిన కాడికి కింద, మొదట్ల నుంచి అప్పుడప్పుడు ముండ్లు ముండ్లుగ కొమ్మ లేస్తదట. దాన్ని కనబడంగనే గిల్లెయ్యాలెనట. ఇవన్ని గోపమ్మ నాకు ఎప్పుడో ఎనక చెప్పింది.

గట్టుకు ఇవతల ఎనిమిది, అవతల ఎనిమిది. గుంతలు తవ్విండ్రు, చెరువు మట్టి పోసిండ్రు, పెట్టిండ్రు. అప్పటి సంది గుర్వమ్మ పొద్దుగాల లేసి మొకం కడుగకముందు గట్టు మీదికే పోయేది. తన మొక్కలు చూసుకోను కాదు, గోపమ్మ మొక్కలు చూడను. అవతల కొత్త చిగురు కనబడితె ఆ దినమంత బీరప్పకు తిట్లే. ఇగ దిష్టికి భయం చూడాలె. ఎవల కండ్లల్ల కుళ్లున్నదో వాళ్లకే దిష్టి భయం ఎక్కువుంటది, నేను మస్తు మందిని చూసిన. ఎనిమిది మొక్కలకు ఎనిమిది పాత చెప్పులు కట్టింది. ఊర్ల తెగిన చెప్పనేది దొరకకుండ చేసింది. గట్టుపొంటి రేగుకంప కొట్టిచ్చి కంచె పెట్టించింది. ఆ కంచె ఆమె చూడనీకి అడ్డమైతాందని మల్ల ఒక కంత చేసుకున్నది.

ఆ ఏడు మోట వంతు మీద యారాండ్లిద్దరు బాయికాడ కొట్లాడిండ్రు. ఎవల మొక్కలకు నీళ్లు ముందు పారాలె అని. ఎంటికెలు పట్టుకునేదాక పోయింది. నేను, ఇంకో ఇద్దరు ఆడోళ్లు నడిమిట్ల సొచ్చినం. మైసమ్మ కట్టె పట్టుకొని వచ్చింది. ముసల్దానికి చూపు మందగించింది గని గొంతు మందగించలే. గుర్వమ్మ ఏడ్సుకుంట, నీళ్ల కోసం కాదత్తా, నా చెయ్యి మంచిది కాదన్నవు, ఆ మాట ఎనక్కి తీసుకో అన్నది. అందరి ముందు అన్నది. మైసమ్మకు యాష్టకొచ్చింది.

"ఎవలు ముందు తమ చెట్టు పండు తెచ్చి నా చేతిల పెడతరో, ఆ మిరుగం సంది తొలి గింజ వాళ్లది. ఇగ నా తల తినకుండ్రి" అన్నది.

ఆ మాటతోని గుర్వమ్మకు పానం లేసొచ్చింది. మంద ఎరువంత గంపలతోని మోసి పాదుల్ల పోసింది. జొన్నకు లేకున్నా మొక్కలకు పోసింది. రెండో ఏడు ఆమె మొక్కల మొదట్ల నుంచి లావాటి కొమ్మలు లేసినయి. వారానికి జానెడు పెరుగుతున్నయి. ముదురాకుపచ్చగ, నిగనిగలాడుకుంట, ముండ్లతోని. పక్కన అసలు కొమ్మ పిట్టకాలోలె సన్నగ నిలబడ్డది. గుర్వమ్మ నన్ను రెక్క పట్టుకొని తీసుకపోయి చూపించింది. నా ఎత్తు దాటినయి జానమ్మా, గోపమ్మయి ఇంక ఆమె నడుముల కాడనే ఉన్నయి అని మురిసిపోయింది. గోపమ్మ మొక్కలు నిజంగనే పొట్టిగనే ఉన్నయి. ఆమె మొదట్ల లేసింది లేసినట్టే గిల్లుతుండె.

ఒకనాడు గోపమ్మ కంప అవతల నిలబడి, అక్కా, ఆ కింది కొమ్మ తీసెయ్యాలెనట, సాబు చెప్పిండు అన్నది. గుర్వమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకున్నది. నా చెట్టు నీ చెట్టును మించుతుంటె నీ కండ్లు మండుతున్నయా, కొమ్మ కోయిచ్చి పొట్టిది చేద్దామని చూస్తున్నవా, నువ్వు ముందు ఒడి గుంజుకున్నవు, ఇప్పుడు కొమ్మలు గుంజుకుంటవా అని, ఊర్ల ఉన్న తిట్లన్ని తిట్టింది. గోపమ్మ అప్పుడు కడుపుతోని ఉన్నది. కడుపును గూడ ఇడిసిపెట్టలే. గోపమ్మ బిందె నెత్తికెత్తుకొని పోయింది. ఇగ మల్ల ఆ ముచ్చట ఎత్తలే.

ఆ ఎండకాలం బాయి అడుగంటింది. మోట నడువలే. వాగుల చెలిమె తోడుకొని మొక్కలకు నీళ్లు తేవాలె. బీరప్ప జీవాలను మలిపొచ్చి, బువ్వ గూడ తినకుండ కావడి ఎత్తుకునేటోడు. మట్ట మధ్యాహ్నం ఎండల, కాళ్ల కింద ఇసుక కాలుతుంటె, వాగు నుంచి బాయిదాక. భుజం మీద తోలు ఊడి పుండైంది. దాని మీద తువ్వాల మడిసి పెట్టుకొని మల్ల ఎత్తుకునేటోడు. గుర్వమ్మ గట్టు మీద నిలబడి, అవతల ఎన్ని కుండలు పడ్డయో చూసుకుంట, ఇంకో కావడి తేపో అనేది. మొగని భుజం దిక్కు ఒక్కనాడు చూడలే. అవతల గోపమ్మ కడుపుతోని ఒక్కతే బిందె మీద బిందె మోసుకునేది. సైదులు హోటల్ కాడ దేశం సంగతులు చెప్తున్నడు.

అరవై ఒకటి వానకాలంల గుర్వమ్మ చెట్లు పూసినయి. గోపమ్మయి పూయలే. ఆ పూత చూసిన నాడు గుర్వమ్మ పటిక బెల్లం పంచింది. పిందె పడ్డది, కాయ అయ్యింది. ఉగాదికి పసుపుపచ్చగ పండినయి. చెక్కు బుడిపెలు బుడిపెలుగ గరుకుగ ఉన్నది. బత్తాయి చెక్కు గట్ల ఉండదేమో వదినె అన్న నేను. కొత్త చెట్టు కాయలు గట్లనే ఉంటయని కసిరింది. ముందుగాల ఒకటి కోసి తిని చూడొద్దా? చూడలే. తొలి పండు అత్త చేతిల పెట్టిందాక నోట్లె ఏసుకోనని మొక్కుకున్నదట.

ఉగాది నాడు కొత్త చీర కట్టుకొని, గంపల పండ్లు నింపుకొని, నలుగురిని ఎంటేసుకొని మైసమ్మ కూసున్న అరుగు కాడికి వచ్చింది. గోపమ్మ గూడ పిల్లను సంకన ఏసుకొని వచ్చి నిలబడ్డది. రాకపోతె ఎట్ల? గుర్వమ్మే పిలువనంపింది. మైసమ్మ పండు పట్టుకొని తడిమింది, వాసన చూసింది. గుర్వమ్మ చెక్కు ఒలిసి తొన నోట్లె పెట్టింది. ముసల్దాని మొకమంత ముడుసుకపోయింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఎవలో కిసుక్కుమన్నరు. గుర్వమ్మ ఒక తొన తీసి తన నోట్లె ఏసుకున్నది. మింగింది. ఇంకోటి ఒలిసింది, అదీ తిన్నది. ఎన్ని తిన్నా అవి ముండ్ల జంబేరులే, నిమ్మకాయను మించిన పులుపు. నవ్వనోళ్లు లేరు. నాకు మాత్రం నవ్వు రాలే, ఆమె మొకం చూస్తె.

గంప అక్కడనే ఇడిసిపెట్టి చేను దిక్కు పోయింది. ఏం జేసుకుంటదో అని నేను ఎనకాల పోయిన. చెట్టు మొదట్ల కూసొని చేతులతోని ఎరువు పక్కకు తీస్తాంది. లావు కొమ్మ పక్కన, ఏలెడంత ఎండిన మోడొకటి బయటపడ్డది. అదీ సాబు ఇచ్చిన బత్తాయి. ఎప్పుడో చచ్చింది. ఎనిమిదింటి మొదళ్లు తవ్వింది, ఎనిమిదింటికి గదే. ఇన్నేండ్లు ఎరువు పోసి, నీళ్లు పోసి సాకింది ముండ్ల కొమ్మను. గోపమ్మ కంతల నుంచి వంగి ఇవతలికి వచ్చింది. పిల్లను చంకల ఎత్తుకునే ఉన్నది.

"నీకు ముందే ఎర్కనా?" అన్నది గుర్వమ్మ, తలెత్తకుండనే.

"ఎర్కే. ఒకసారి చెప్పిన, తిట్టినవు. రెండోసారి చెప్పబుద్ధి కాలే."

"ఎందుకు?"

పిల్ల ఏడుస్తుంటె గోపమ్మ ఊపుకుంట నిలబడ్డది.

"బావ ఎండల కావడి మోస్తుంటె చూసిన. నేను నిండు గర్భంతోని బిందెలు మోసుకున్న, మావోడు ఒక్క చెంబెడు తేలే. నీ చెట్లు కాయొద్దని ఆ ఎండకాలమంత ఊరి దేవతకు మొక్కిన అక్కా. నీ కాపురం చూస్తె నాకు ఓర్వకపోయేది."

నేనైతె ఇప్పుడు పడ్డది గోపమ్మ సిగ మీద చెయ్యి అనుకున్న. గుర్వమ్మ తలెత్తి ఆమె దిక్కు చూసింది. ఎండిన మోడు చేతిల ఉన్నది, మూతికి జంబేరి రసం అంటి ఉన్నది. ఆ మొకంల మెల్లగ ఒక ఎలుగు లేసింది. పెండ్లినాడు గూడ ఆమె మొకం గట్ల ఉండి ఉండదు.

"నన్ను చూసి నీకు కుళ్లా?" అని అడిగింది. నమ్మబుద్ధి కాక మల్ల అడిగింది. గోపమ్మ తలూపి, పిల్లను సదురుకొని పోయింది.

మిరుగం వచ్చింది. ఒడి ఎవలిదని ఊరంత చూస్తాంది. పులుపు చేతిదానికి కట్టొద్దని కొందరన్నరు. మైసమ్మ ఎవలను లెక్క చేయలే. పండు ముందు తెచ్చినోళ్లకు అన్న, తియ్యటి పండు అనలే అన్నది. గుర్వమ్మను పిలిసి జొన్నలు పోసి ముడేసింది. ఎన్నేండ్ల సంది అడుక్కున్న ఒడి అది. బీరప్ప నాగలి పట్టిండు. గుర్వమ్మ ఎనక నడుసుకుంట గింజ ఇడుస్తాంది, గని తల గట్టు దిక్కే తిరిగి ఉన్నది. గోపమ్మ చూస్తాందా, కండ్లు మండుతున్నయా అని. గోపమ్మ ఏమో తన బత్తాయి చెట్ల కింద కూసొని తొలి పిందెలు తడుముకుంటున్నది. ఇటు దిక్కు చూడనన్నా చూడలే. గుర్వమ్మ గింజలు సాలు తప్పి గట్టు మీద పడుతున్నయి. బీరప్ప ఎడ్లను ఆపిండు. ఎనక్కి తిరిగి, సాల్ల చూసి ఇడువమని మెల్లగ చెప్పిండు. అప్పుడు చూసింది గుర్వమ్మ ముందటికి. అంగి లేని భుజం మీద కావడి కాయ, అరచేయంత, నల్లగ గట్టిపడి ఉన్నది. ఆ సాలు కొసదాక ఇగ ఆమె తల తిరుగలే.

మార్పొచ్చిందని నేను మురిసిన. వారంల తెలిసింది ఆమె కత. పగటి బువ్వ ఇంట్ల తినే బీరప్పకు ఇప్పుడు బాయికాడికే సద్ది వస్తాంది. అదీ గట్టు మీద, కంప కంత ఎదురుంగ. కంచంల కూర ఏసి, ఇంకింత తిను అని బతిలాడుకుంట, ఆముదం తెచ్చి భుజానికి రుద్దుకుంట. గోపమ్మ అటు దిక్కు కనబడ్డదంటె ఇంక గొంతు పెంచి, అలిసిపోయినవా మామా అనేది. పెండ్లైన నాటి సంది మామా అని పిలిసింది లేదు. బీరప్ప బెదిరిపోయి, మీ వదినెకు పానం మంచిగ లేదా, దవాఖానకు తీసుకపోదునా అని నన్నడిగిండు. ఏం లేదన్నా, పెట్టింది తిను అన్న. అటు గోపమ్మ చెట్లు కాసినయి, తేనెవోలె బత్తాయిలు, బండ్లమీద పోయినయి. గుర్వమ్మ జంబేరులు కోసి ఊరంతకు తొక్కు పెట్టిచ్చింది. బత్తాయిల ముచ్చట ఆమె నోట మల్ల రాలే. మామా అనుడు మాత్రం ఏడాది గడిసినా బందు కాలే.

ఆ ఎనక ఒక ఎండకాలం గోపమ్మ పిల్లను తీసుకొని తల్లిగారింటికి పోయింది, కోస్గి దిక్కు, దూరం. నేను గడ్డికి పోయి బాయికాడ ఒంగి కోస్తున్న. గుర్వమ్మ సద్ది ఎత్తుకొని వచ్చింది. గట్టు మీద కూసున్నది, బీరప్పను పిలిసింది. కూర ఏసింది, చేతులు కడిగిచ్చింది, ఆముదం తీసి ఆ నల్లటి కాయ మీద రుద్దబట్టింది. మామా, మెల్లగ తిను అన్నది, పక్కనున్న నాకు గూడ సరిగ వినరానంత మెల్లగ. నేను తలెత్తి కంత దిక్కు చూసిన. గట్టు అవతల ఎవ్వరు లేరు.